ఆండీస్ కనుమలో హన్నిబాల్

అర్జెంటీనాలోని మెండోజా నుండి చిలీ రాజధాని శాంటియాగోకు వెళ్లే పగటి బస్సులో పైఅంతస్తు ముందు సీటుకు ఎక్కువ సొమ్ము ఎందుకు తీసుకుంటారో ఆండీస్ కొండల్లోని ఉస్పాల్యాటా ఊరు దాటాక గాని అర్థం కాదు. అంతవరకు నేను బస్‌స్టాండులో కాఫీకి పెట్టిన డబ్బునే తలచుకుని సణుగుతున్నాను. అక్కడి ధరల పట్టికలో పాత అంకెలపై కొత్త అంకెలున్న కాగితం ముక్కలు అతికించి ఉన్నాయి.

పక్క సీటులో ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు కూర్చున్నారు. శ్రీశైలం ఘాట్‌ను తలపించే మలుపుల్లో కూడా, మాతే అనే తేనీటి ఆకు నింపిన సొరబుర్రలో చుక్క ఒలకకుండా వేడినీళ్లు పోసి, లోహపు గొట్టంతో సహా నా చేతికిచ్చారు. చేదుగా ఉన్నా కాదనలేకపోయాను.

1817 జనవరిలో, స్పెయిన్ పాలనపై పోరాడిన అర్జెంటీనా సేనాని శాన్ మార్టిన్ సైన్యంలోని ఒక విభాగం ఫిరంగులతో ఈ దారినే చిలీకి వెళ్లిందని, శాన్ మార్టిన్ మాత్రం ప్రధాన బలగంతో ఉత్తరాన లోస్ పాటోస్ కనుమ దాటాడని ఆయన చెప్పారు. 1,600 గుర్రాలు బయలుదేరితే మూడో వంతు కూడా ఆవలికి చేరలేదట. క్రీ.పూ. 218లో రోమ్‌పై దండెత్తి ఆల్ప్స్ దాటిన కార్తేజ్ సేనాని హన్నిబాల్‌తో శాన్ మార్టిన్‌ను పోల్చడం అక్కడ బడిపిల్లలకు కూడా తెలిసిన మాటే. మంచుకొండలు దాటినంత మాత్రాన ఇద్దరూ ఒకటేనా అని అడిగాను.

పోలిక మంచులో లేదు, మాయోపాయంలో ఉంది అన్నారాయన. ఎద్దుల కొమ్ములకు కాగడాలు కట్టి రోమన్లను ఏమార్చి హన్నిబాల్ తప్పించుకున్నట్లే, శాన్ మార్టిన్ ఆ కొండల్లోని పెహువెంచే ఆదివాసుల నాయకులను పిలిచి దక్షిణ కనుమల గుండా దారి ఇమ్మని అడిగాడు. ఆ వార్త స్పానిష్ వారికి చేరుతుందని అతనికి తెలుసు. దాంతో ఎటునుంచి వస్తాడో తెలియక శత్రువు తన బలగాన్ని చెల్లాచెదురుగా నిలిపాడు. ఫిబ్రవరి 12న చిలీలోని చాకబూకో యుద్ధంలో ఓడిపోయాడు.

“మా స్పానిష్ భాష రోమ్ ఇచ్చిందే. అయినా మేము రోమ్‌ను వణికించినవాడి పక్షం. అతని వెంట నుమిడియన్లు, ఐబీరియన్లు, గాల్‌లు వంటి వేర్వేరు జాతులవారు నడిచారు. మావాడి వెంట మెస్టీజోలు అనే యూరోపియన్-ఆదివాసీ మిశ్రమ సంతతివారు, చిలీ ప్రవాసులు, విముక్తులైన నల్లజాతి బానిసలు నడిచారు. లాటినోలంటే ఆ కలగలుపే,” అన్నారు.

ఇక్కడే నాకు కోపం వచ్చింది. ఏడు, ఎనిమిదో పటాలాల్లోని ఆ నల్లజాతి సైనికులకు స్వేచ్ఛ దక్కింది సైన్యంలో చేరాలన్న షరతుపైనే కదా, వారిలో ఎందరు ఇంటికి తిరిగి వచ్చారని అడిగాను. చాలా కొద్దిమంది అని ఒప్పుకుని, హన్నిబాల్ సైనికుల పేర్లు కూడా ఎవరూ రాసిపెట్టలేదు కదా అన్నారు. ఆ జవాబు నాకు ఏమాత్రం నచ్చలేదు. సరిహద్దు తనిఖీ వరుసలో నిలబడి, ఆపైన శాంటియాగో చేరేదాకా వాదించుకుంటూనే ఉన్నాము.