దీర్ఘంగా లేని దీర్ఘచతురస్రం

నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయి హోంవర్కులో చతురస్రం బొమ్మ ఉంది. దానికి సరిపోయే పేర్లన్నిటికీ టిక్కు పెట్టాలి. ‘స్క్వేర్’కి పెట్టింది, ‘రెక్టాంగిల్’ని వదిలేసింది. ఇది రెక్టాంగిల్ కూడా అవుతుందమ్మా అన్నాను.

"ఎలా అవుతుంది నాన్నా? దీర్ఘం అంటే పొడుగు అని నువ్వే చెప్పావుగా. ఇది పొడుగ్గా లేదే!"

నిజమే, నేనే చెప్పాను. ఇంట్లో తెలుగు నిలవాలని, బడిలో నేర్చుకున్న ప్రతి ఆకారానికీ తెలుగు పేరు చెప్పి, దాన్ని విడగొట్టి చూపిస్తుంటాను. త్రిభుజానికి మూడు భుజాలు, షడ్భుజికి ఆరు, అష్టభుజికి ఎనిమిది. హెక్సగాన్‌లో ‘గాన్’ అంటే గ్రీకులో కోణం. మన పేరు భుజాల్ని లెక్కపెడితే ఆ పేరు కోణాల్ని లెక్కపెడుతుంది. ఏ బహుభుజిలోనైనా రెండూ అన్నే ఉంటాయి కాబట్టి ఇంతవరకూ పేచీ రాలేదు.

దీర్ఘచతురస్రం దగ్గర మాత్రం తెలుగు పేరే పిల్లను పక్కదారి పట్టించింది. రెక్టాంగిల్ అన్న మాటలో పొడుగు ఊసే లేదు, లంబకోణం ఒక్కటే ఉంది. నాలుగు కోణాలూ 90 డిగ్రీలుంటే చాలు, భుజాలన్నీ సమానమైనా అది రెక్టాంగిలే. ఈసారి ఇంగ్లీషు మాటనే విడగొట్టి చెప్పాను. కాగితం మూలను నాలుగు కోణాల్లోనూ పెట్టి చూసుకుని, అప్పుడు టిక్కు పెట్టింది.

తర్వాతి పేరు రాంబస్. ఆ మాట వింటే పిల్లలకు ఏమీ తట్టదు. తెలుగులో సమచతుర్భుజం అన్నాను, అంతే. "నాలుగు భుజాలూ సమానమా? అయితే స్క్వేర్ కూడా అదే కదా!" అంది. నేను వివరించాల్సిన పని లేకపోయింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

కాగితం మీద రెండు పెద్ద సున్నాలు గీసింది. ఒకదాని మీద ‘రెక్టాంగిల్’, రెండోదాని మీద ‘సమచతుర్భుజం’ అని రాసి, రెండూ కలిసిన చోట చతురస్రం పెట్టింది. ఆ రెండింటినీ చుడుతూ ఇంకో గీత, అది సమాంతర చతుర్భుజం.

ట్రెపజాయిడ్ దగ్గర ఇద్దరం ఆగాం. ఒక జత సమాంతర భుజాలున్న చతుర్భుజాన్ని అమెరికాలో అలా అంటారు, నేను మాత్రం దాన్నే ట్రెపీజియం అని చదువుకున్నాను. అమెరికా పుస్తకాల్లో ట్రెపీజియం అంటే ఏ రెండు భుజాలూ సమాంతరంగా లేనిది! పైగా ట్రెపజాయిడ్‌కి సమాంతర భుజాలు కొన్ని పుస్తకాలు ‘కనీసం ఒక జత’ అంటాయి, కొన్ని ‘ఒకే ఒక్క జత’ అంటాయి. మొదటిదైతే సమాంతర చతుర్భుజాలన్నీ అందులోకే వస్తాయి, రెండోదైతే ఒక్కటీ రాదు. నా చిన్నప్పటి నిర్వచనంతో పిల్ల జవాబును దిద్దకూడదనుకున్నాను. తన పుస్తకం బడిలోనే ఉండిపోయింది. రేపు తెచ్చాక అందులో ఏముందో చూసి, నాలుగో గీత ఎక్కడ గీయాలో తేల్చుకుంటాం.