క్లోమం వాచే కుక్కకు తిండి ఎంచుకోవడం: నా అనుభవం

మా చిన్ని సుమారు ఆరు కిలోల మినియేచర్ ష్నాజర్. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు, అంటే ఒక రకం కొవ్వు, ఎక్కువగా ఉండడం ఈ జాతి కుక్కల్లో వంశపారంపర్యంగా కనిపించే లక్షణం; పాంక్రియాటైటిస్, అంటే క్లోమగ్రంథి వాపు, వీటికి తరచుగా రావడానికి అదొక ముఖ్య కారణమని చెబుతారు. గత వేసవిలో చిన్ని తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, ముందుకాళ్లు నేలకు చాచి నడుమును పైకెత్తి నిలబడడం చూసి ఆస్పత్రికి తీసుకువెళ్లాం. చెన్నైలో మేము ఎప్పుడూ చూపించే డాక్టరుగారు క్లోమానికి సంబంధించిన లైపేజ్ పరీక్ష, అల్ట్రాసౌండ్ చేయించి జబ్బును నిర్ధారించారు. పరీక్షకు తీసిన రక్తంలో పైకి తేలిన ద్రవం పాలలా తెల్లగా ఉండడాన్ని ఆమె మాకు చూపించి, అదంతా కొవ్వేనని చెప్పారు. సెలైన్‌తో, వాంతులు తగ్గించే మందుతో, నొప్పి మందుతో చిన్ని కోలుకుంది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు చెప్పినది ఒక్కటే: "మందులు కొన్నాళ్లలో ఆపేస్తామండి, తిండి విషయంలో జాగ్రత్త మాత్రం జీవితాంతం ఉండాలి. కొవ్వు శాతాన్ని చూసి కొనకండి, వెయ్యి కిలోకేలరీలకు ఎన్ని గ్రాముల కొవ్వు వస్తుందో లెక్క వేసుకుని కొనండి." ఆ మాట ఎంత విలువైనదో దుకాణంలో సంచులూ డబ్బాలూ తిరగేస్తున్నప్పుడు తెలిసింది.

సంచి మీద 12 శాతం కొవ్వు అని, కిలోకు 3500 కిలోకేలరీలు అని ఉన్న ఒక పొడి ఆహారాన్ని తీసుకుందాం. కిలోలో 120 గ్రాముల కొవ్వు కాబట్టి వెయ్యి కిలోకేలరీలకు సుమారు 34 గ్రాములు. పక్కనే 4 శాతమే కొవ్వున్న తడి ఆహారం డబ్బా ఉంటుంది. చూడగానే అదే మేలనిపిస్తుంది. కానీ అందులో ముప్పాతిక భాగం పైగా నీరే కనుక కిలోకు 850 కిలోకేలరీలు మాత్రమే ఉంటే, వెయ్యి కిలోకేలరీలకు కొవ్వు 47 గ్రాములవుతుంది. బరువు తగ్గడానికని అమ్మే 'లైట్' రకాల్లో కొవ్వుతో పాటు మొత్తం శక్తి కూడా తక్కువే కాబట్టి, 9 శాతం కొవ్వు, కిలోకు 3000 కిలోకేలరీలు ఉన్న సంచి కూడా 30 గ్రాముల దగ్గరే నిలుస్తుంది. చిన్ని వంటి కుక్కకు 20 గ్రాముల చుట్టుపక్కల ఉండాలని డాక్టరుగారు నిర్దేశించారు. ఆ స్థాయి నాకు పశువైద్యుల సలహాపై అమ్మే తక్కువ కొవ్వు రకాల్లోనే కనిపించింది: 7 శాతం కొవ్వు, కిలోకు 3400 కిలోకేలరీలు అంటే దాదాపు 21 గ్రాములు.

ఈ లెక్కకు రెండు అడ్డంకులున్నాయి. సంచి మీద కొవ్వును సాధారణంగా 'కనీసం' ఇంత అని ముద్రిస్తారు; అసలు కొవ్వు అంతకంటే ఎక్కువ ఉండవచ్చు, మన అవసరానికేమో గరిష్ఠం తెలియాలి. కొన్ని సంచుల మీద శక్తి విలువ అసలు ఉండదు. అప్పుడు నూరులోంచి ప్రొటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద (అంటే ఖనిజాలు) శాతాలను తీసివేస్తే మిగిలేది పిండిపదార్థం. ప్రొటీన్‌నూ పిండిపదార్థాన్నీ గ్రాముకు 3.5 చొప్పున, కొవ్వును 8.5 చొప్పున హెచ్చించి కూడితే వంద గ్రాముల శక్తి సుమారుగా తెలుస్తుంది. నేను కంపెనీలకు రాసి అసలు కొవ్వు విలువ అడిగాను. వివరంగా జవాబిచ్చిన వాటినే పరిశీలించి, జవాబివ్వని వాటిని పక్కన పెట్టాను. అడిగే హక్కు కొనేవారికి ఉందనే నా అభిప్రాయం.

ఇంట్లో వండి పెట్టే ఆలోచన మా అమ్మది. తోలు తీసిన కోడి రొమ్ము మాంసం, మెత్తగా ఉడికించిన అన్నం కోలుకునే రోజుల్లో బాగా పనికివచ్చాయి. అయితే ఆ రెండింటిలోనే కాల్షియం, జింక్, కొన్ని విటమిన్లు సరిపడా దొరకవు కనుక, పశుపోషణ నిపుణులు కొలతలతో రాసిచ్చిన పద్ధతి లేకుండా నెలల తరబడి అదే పెట్టకూడదని డాక్టరుగారు హెచ్చరించారు. అందువల్ల పొడి ఆహారానికే వచ్చి, పాతదానిలో కొత్తదాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ వారం పైగా తీసుకుని మార్చాం. రోజు మొత్తానికి సుమారు వంద గ్రాములు తూచి, మూడు పూటలకు పంచుతాం.

సరైన సంచి దొరికినంత మాత్రాన పని పూర్తికాదు. చిన్నికి రోజుకు 350 కిలోకేలరీలు సరిపోతాయి. అందులో కొవ్వు ఏడు గ్రాములు మాత్రమే. ఒక చెంచా నెయ్యిలో ఐదు గ్రాముల కొవ్వు ఉంటుంది. "పప్పన్నంలో చుక్క నెయ్యి వేస్తే ఏమవుతుందే తల్లీ, నోరు లేని జీవి, ఆశగా చూస్తోంది" అని అమ్మ అన్నప్పుడు ఈ రెండు అంకెలూ చెప్పాను. ఆ తర్వాత ఆమే అందరికంటే గట్టి కాపలా అయింది. మా అపార్ట్‌మెంట్లో మార్గళి (మన ధనుర్మాసం) నెలంతా ఎవరో ఒకరు నెయ్యి కారే వెణ్‌పొంగల్ పంపుతూనే ఉంటారు. పిల్లలు చిన్నిని ముద్దుచేస్తూ చేతిలోది పెట్టేస్తారు. వాళ్లను కసురుకోవడం నాకు ఇష్టం లేక, చిన్ని వంతు తిండిలోంచే కొన్ని గింజలు చిన్న డబ్బాలో పోసి గుమ్మం దగ్గర ఉంచాను. పెట్టాలనుకున్నవాళ్లు అందులోంచే పెడుతున్నారు. అప్పుడప్పుడు ఉడికించిన గుమ్మడి ముక్క, గుడ్డులోని తెల్లసొన ఇస్తాం. పచ్చసొనలో మాత్రం ఒక్క చెంచా నెయ్యికి దగ్గరగా కొవ్వు ఉంటుంది.

కొన్ని వారాల తర్వాత పన్నెండు గంటలు ఖాళీ కడుపుతో ఉంచి మళ్లీ రక్తపరీక్ష చేయిస్తే ట్రైగ్లిజరైడ్లు స్పష్టంగా తగ్గాయి. ఇంకా ఎక్కువగానే ఉంటే చేప నూనె మాత్రలో, వేరే మందో ఆలోచిద్దామని డాక్టరుగారు అన్నారు గానీ ఆ అవసరం ఇంతవరకు రాలేదు. ఈ రకం ఆహారం ఖరీదైనది, పైగా దుకాణాల్లో అప్పుడప్పుడు దొరకదు. కాబట్టి సంచి సగానికి రాగానే కొత్తదానికి చెబుతున్నాం; అదీ అందకపోతే ఏది పెట్టాలో, ఆ రెండో రకం కొవ్వు లెక్కతో సహా డాక్టరుగారికి ముందే చూపించి ఒప్పించుకున్నాం.