అత్తగారి వణుకు, లాప్‌టాప్‌లో డాక్టరు: నా అనుభవం

ముందే చెప్పేస్తున్నాను, టెలీ మెడిసిన్ (వీడియోలో డాక్టరుకి చూపించుకోవడం) అంటే నాకు గిట్టక రాస్తున్నది కాదు. మా అత్తగారికి ఇవాళ సరైన మందు పడిందంటే అది దాని పుణ్యమే. కానీ అక్కడిదాకా వచ్చేలోపు ఒక గదిలో జరిగినదానికి నాకింకా ఒళ్ళు మండుతోంది. అది చల్లారకముందే రాసెయ్యాలి.

మాది గజపతి జిల్లాలో కాశీనగర్ వైపు, వంశధార పక్కన ఒక ఊరు. రాష్ట్రం ఒడిశా, ఇంట్లో మాట తెలుగు, బళ్ళో చదువు ఒడియా, కొండ మీద సవరలు. నరాల డాక్టరు కావాలంటే బరంపురం పెద్దాసుపత్రికి పోవాలి, లేదా గుణుపురం పాసింజరు ఎక్కి విశాఖ వెళ్ళాలి. ఎక్కడికి పోయినా గంటలకొద్దీ లైన్లో నిలబడే ఓపిక ఉండాలి. అత్తగారికి అది లేదు.

ఆవిడకి మొదట కుడిచేతి బొటనవేలు వణికేది. టీవీ ముందు ఊరికే కూర్చున్నప్పుడు వణుకు, గ్లాసు అందుకోబోతే ఆగిపోయేది. తర్వాత బ్యాంకు గొడవ. మామగారు బడిపంతులుగా చేసి పోయారు, ఆయన పెన్షన్ అత్తగారికి వస్తుంది. డబ్బు తీసే కాగితం మీద ఆవిడ సంతకం నెలనెలకీ చిన్నదైపోతూ వచ్చింది. ఒకరోజు కౌంటర్లో అబ్బాయి సంతకం కలవలేదన్నాడు, వేలిముద్ర వెయ్యమన్నాడు. ఏడో తరగతి పాసైన మనిషి. ఆ పూట అన్నం ముట్టలేదు.

వయసన్నారు, నరాల నీరసమన్నారు. మా ఆర్‌ఎంపీ గారు బీ కాంప్లెక్స్ సూదులు పొడిచి డబ్బులు తీసుకున్నారు. చివరికి ప్రభుత్వాసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరు చెయ్యి చూసి, న్యూరాలజీ వాళ్ళకి వీడియోలో చూపిద్దాం అని చీటీ రాశాడు. అది అయిదు నిమిషాల పని.

చీటీ పట్టుకుని టెలీ గదికి వెళ్తే అక్కడి ఆపరేటరు ముందు ఆభా నంబరు, అంటే ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు, ఉండాలన్నాడు. ఆధార్‌కి కలిపిన ఫోన్‌కి ఓటీపీ వస్తుందన్నాడు. ఆ ఫోన్ నంబరు మామగారిది. ఆయనా లేరు, ఆ సిమ్మూ లేదు. ఓటీపీ ఎవరికి వెళ్తుందో దేవుడికే తెలియాలి. నంబరు మార్పించుకుని రండి అన్నాడు. మా ఆయన ఆధార్ సెంటరు చుట్టూ తిరిగారు. అదంతా అయ్యాక మా అబ్బాయి చదివి చెప్పాడు: ఆభా అనేది ఇష్టమున్నవాళ్ళు తీసుకునేది, అది లేదని వైద్యం ఆపకూడదు. ప్రభుత్వ టెలీ మెడిసిన్ సేవ ఈ-సంజీవనిలో నమోదుకి చేతిలో ఉన్న ఏ మొబైల్ నంబరైనా సరిపోతుంది. ఆభా లేకపోతే కుదరదని ఎవరైనా అంటే ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వరు, పని చేసిపెడతారు.

ఇప్పుడు ఆ గది సంగతి.

అది వరండా చివర, పాత స్టోరు గది. సెలైన్ పెట్టెలు, విరిగిన వీల్‌చైరు, ఒక బల్ల, బల్ల మీద లాప్‌టాప్. రంగులు వెయ్యడానికని తలుపు రెక్క తీశారట, మళ్ళీ పెట్టలేదు. కర్టెన్ కూడా లేదు. గుమ్మం బయటే బీపీ చూపించుకునేవాళ్ళ లైను. అత్తగారిని కిటికీకి వీపు చేసి కూర్చోబెట్టారు, తెర మీద ఆవిడ ముఖం నల్లగా తప్ప ఏమీ కనబడటం లేదు. నేను కుర్చీ తిప్పబోతే, సెట్ చేసిన కెమెరా కదపకండి అన్నాడు ఆపరేటరు. బీపీ చూడకుండానే ఏదో అంకె కొట్టాడు, నేను కళ్ళారా చూశాను.

డాక్టరు మర్యాదగానే ఉన్నారు. ఆయన ఒడియాలో అడుగుతున్నారు, ఆపరేటరు దాన్ని తెలుగులో అరుస్తున్నాడు. అత్తగారికి చెముడు లేదని చెప్పాను, అయినా అరుస్తున్నాడు. వాసన తెలుస్తోందా, నిద్ర పడుతోందా, అక్కడిదాకా పర్వాలేదు.

"మామ్మా! దొడ్డికి సరిగ్గా అవుతోందా లేదా?"

లైనంతా వినబడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ లైన్లో మా వీధి ఆవిడ ఉంది, వరసకి నాకు వదిన, ఊళ్ళో ఏ కబురైనా ఆమె నోటి నుంచే బయల్దేరుతుంది. అత్తగారు కొంగు తల మీదికి లాక్కుని "అవుతోంది" అన్నారు. ఆవిడకి రోజూ రాత్రి ఇసబ్‌గోల్ కలిపి ఇచ్చేది నేను. "లేదు సార్, చాలా ఇబ్బంది" అన్నాను. "పేషెంటే చెప్పాలి, మీరు ఆగండమ్మా" అన్నాడు ఆపరేటరు.

ఆ తర్వాత ఏది అడిగినా అత్తగారు "బాగుంది", "లేదు" అంతే. ఒంటేలు? బాగుంది. పడిపోయారా? లేదు. చేతులు చాపమన్నారు. గ్లాసు అందుకోబోతే వణుకు ఆగిపోయేదని చెప్పాను కదా, చేతులు చాపినా అంతే, పెద్దగా కనబడదు. ఒళ్ళో పెట్టుకున్నప్పుడు కనబడుతుంది, కానీ ఆవిడ కుడిచేతిని కొంగు కింద ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. ఏం చూపించాలని వచ్చామో అదే దాచుకున్నారు పాపం.

నడిపించండి అన్నారు డాక్టరు. గదిలో చోటేదీ? లాప్‌టాప్‌ని గుమ్మం వైపు తిప్పాడు, అత్తగారిని వరండాలో లైను పొడవునా నడవమన్నారు. జనం గోడకి జరిగి చూస్తున్నారు. ఒక చెయ్యి ఊగుతోంది, రెండోది ఊగడం లేదు. వెనక్కి తిరిగేటప్పుడు చిన్నచిన్న అడుగులు వేసుకుంటూ తిరుగుతున్నారు. సరిగ్గా అప్పుడే నెట్ ఆగిపోయింది. బొమ్మ కదలదు. కాసేపటికి వచ్చింది, "మళ్ళీ ఒకసారి నడవమనండి" అన్నారు. మళ్ళీ నడిచారు. లైన్లో ఒక కుర్రాడు ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు. నేను తిన్నగా వెళ్ళి ఆ ఫోన్ దింపించి, నా కళ్ళముందే చెరిపించాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే, దానికి ఎవరేమనుకున్నా నాకు బాధలేదు.

డాక్టరుకి దొరికిన జవాబులు అవి, కనబడిన మనిషి అంత. వయసుతో వచ్చే వణుకు అని ప్రొప్రనలాల్ రాశారు. ఆయన్ని ఏమనగలం? వాసన తెలుస్తోందని, కడుపు బాగుందని, పడిపోలేదని రోగే చెప్పింది. సాయంత్రానికి వీధిలో ఒకావిడ "మీ అత్తకి కడుపు గట్టిపడిపోయిందటేటి?" అని నన్ను అడిగింది. అత్తగారు లోపల గదిలోంచి విన్నారు. ఆ మాత్ర వేసుకుంటే మంచం దిగగానే కళ్ళు తిరిగేవి. ప్రొప్రనలాల్ గుండె వేగాన్నీ బీపీనీ తగ్గిస్తుంది మరి. ఇంక ఏ డాక్టరు దగ్గరికీ రానన్నారు.

2000లో అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ మన చిత్తూరు జిల్లా అరగొండలో టెలీ మెడిసిన్ కేంద్రాన్ని ప్రారంభించారు. అంత పాత సంగతి ఇది. 2019 నవంబరులో ఆరోగ్య కేంద్రాల నుంచి పెద్ద డాక్టర్లతో మాట్లాడించే ఈ-సంజీవని వచ్చింది, కరోనా లాక్‌డౌన్‌లో 2020 ఏప్రిల్ 13న ఇంటి నుంచే చూపించుకునే ఓపీడీ మొదలైంది. ఉపగ్రహాలూ ఫైబరు తీగలూ అన్నీ అయ్యాయి. మాకు ఒక తలుపు రెక్క బిగించే వడ్రంగి దొరకలేదు. 2020 మార్చి 25న కేంద్రం టెలీ మెడిసిన్‌కి నియమాలు ఇచ్చింది. రోగి వివరాలు గుట్టుగా ఉంచాలని అందులో ఉంది. ఆరోగ్య కార్యకర్త మొదలుపెట్టిన సంప్రదింపుకి రోగి ఒప్పుకోలు తీసుకుని రాసుకోవాలని ఉంది. రోగి పక్కనుండగా ఇంటివాళ్ళు డాక్టరుతో మాట్లాడే పద్ధతి కూడా ఉంది. నన్ను నోరు మూసుకోమన్నాయనకి ఇవేవీ తెలియవు, లేదా తెలిసీ పట్టలేదు.

మమ్మల్ని ఒడ్డున పడేసింది మా ఉపకేంద్రంలో ఉండే సీహెచ్‌ఓ, అంటే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు. ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని బోర్డు మార్చారు, మేం మాత్రం సబ్‌సెంటరే అంటాం. అమ్మాయి చిన్నది, ఊరంతా దీదీ అంటారు. ఒడియా, తెలుగు, కాస్త సవర కూడా మాట్లాడుతుంది. బీపీ చూడ్డానికని ఇంటికొచ్చి, అత్తగారి పక్కన మంచం మీద కూర్చుని, చాలాసేపు వేరే కబుర్లు చెప్పి, "మన దగ్గర నుంచే చూపిద్దాం మామ్మా, నేనూ మీ కోడలూ తప్ప ఎవరూ ఉండరు" అంది.

ఉపకేంద్రం గోడల మీద పెచ్చులూడిన రంగు చూసి నాకేం ఆశ కలగలేదు. కానీ అమ్మాయి తలుపు గడియ పెట్టింది. మా ఆయన్ని కూడా బయటే ఉండమంది. కుర్చీని వెలుతురు ముఖం మీద పడేట్టు తిప్పింది. బీపీ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూసింది. నిలబడితే బీపీ పడిపోతోందని అప్పుడే తెలిసింది. తర్వాత లైను కలిపింది.

ఈసారి తెర మీద ఆడ డాక్టరు, నరాల స్పెషలిస్టు. ఆవిడ అడిగింది దీదీ అత్తగారి చెవి దగ్గర మెల్లగా చెప్పేది. అత్తగారు మాట్లాడటం మొదలుపెడితే ఆగలేదు. మలబద్ధకం ఎన్నో ఏళ్ళ నుంచీ ఉందట. బావి దగ్గర పడిపోయిన సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. తాలింపు వాసన తెలియక చాలా కాలమైందట. నా పులుసు చప్పగా ఉందని ఆవిడ ఎప్పుడూ అంటుంటే మనసులో ఎంత ఏడ్చానో, ఇదా సంగతి! రాత్రిళ్ళు నిద్రలో అరవడం, కాళ్ళు విసరడం సంగతి నేను చెప్పాను. ఆగమని ఎవరూ అనలేదు.

చేతులు ఒళ్ళో వదిలేసి ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నారు డాక్టరు. లెక్క మీద ధ్యాస పడగానే బొటనవేలు వణకడం మొదలైంది. బొటనవేలూ చూపుడువేలూ టకటకా కొట్టమంటే కుడిచెయ్యి నాలుగు కొట్టి నెమ్మదించింది. కాగితం మీద ఒక వాక్యం రాయమన్నారు. అత్తగారు శ్రీరామ రక్ష అంటూ మొదలుపెట్టి వరసగా రాశారు, చివరికొచ్చేసరికి చీమ తలకాయలంత. దీదీ ఆ కాగితం కెమెరాకి చూపించింది. బ్యాంకు వాళ్ళు వద్దన్న ఆ చేతిరాతే డాక్టరుకి పనికొచ్చింది.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. కండరం బిగుసుకుందా లేదా అనేది చూసి చెప్పేది కాదు, పట్టుకుని చూడాలి. డాక్టరు అక్కడెక్కడో ఉన్నారు. అందుకని దీదీని మణికట్టు పట్టుకుని మెల్లగా తిప్పమన్నారు, అదే సమయంలో రెండో చెయ్యి మూసి తెరవమని అత్తగారికి చెప్పమన్నారు. "సాఫీగా రావట్లేదు మేడమ్, పళ్ళచక్రం తిప్పినట్టు ఆగి ఆగి వస్తోంది" అంది దీదీ. డాక్టరు తలూపారు.

ఇవన్నీ కలిపి చూస్తే పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు అనుకుంటున్నానన్నారు. దీన్ని ఖాయం చేసే రక్తపరీక్ష ఏదీ లేదట, ఇలా చూసి, అడిగి తేల్చాల్సిందే. లీవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర కొద్ది మోతాదులో రాసి, దానికి ఒళ్ళు ఎలా పలుకుతుందో కూడా రోగం గురించి చెబుతుందన్నారు. తిండికి అరగంట ముందే వేసుకోవాలి, పప్పూ గుడ్డూ మాంసకృత్తులు ఎక్కువున్న తిండితో కలిపి వేసుకుంటే సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు. చెప్పకుండా ఒక్కసారిగా ఆపకూడదు. పాత వణుకు మాత్రను మెల్లగా తగ్గించి ఆపించారు. వీలు చూసుకుని ఒకసారి నేరుగా కూడా చూపించండి, వీడియో అన్నిటికీ చాలదు అని ఆవిడే చెప్పారు. ఆ మాట చెప్పినందుకే నాకు నమ్మకం కుదిరింది.

ఉచిత మందుల కౌంటర్లో ఆ మాత్ర లేదు, పర్లాకిమిడిలో మెడికల్ షాపువాడు తెప్పించి ఇచ్చాడు. మొదట్లో వికారం, తర్వాత సర్దుకుంది. అత్తగారు ఇప్పుడు తన జడ తనే వేసుకుంటున్నారు.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. ముందురోజే ఫోన్‌లో మనిషి నడక, ఊరికే కూర్చున్నప్పటి చెయ్యి వీడియో తీసి ఉంచుకోండి, నెట్ ఆగినా చూపించవచ్చు. వాడుతున్న మందుల అట్టలన్నీ సంచిలో వేసుకెళ్ళండి. చీటీ మీద డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూసుకోండి. గదికి తలుపు లేకపోతే కూర్చోకండి. చీరో దుప్పటో అడ్డం కట్టించండి, గొడవపడండి, లేదా లేచి వచ్చెయ్యండి. పెద్దాసుపత్రి కదా అని మొహమాటపడకండి, మీ ఊరి సీహెచ్‌ఓ మంచిదైతే ఆ చిన్న గదే మేలు.

మా ఆయన మాత్రం ఆ తలుపు గురించి పైవాళ్ళకి అర్జీ రాస్తానంటున్నారు. రాసి పెట్టారు కూడా, నేనే ఇంకో రెండు వాక్యాలు ఘాటుగా చేర్పించాను. శనివారం డాక్టరుతో మళ్ళీ మాట్లాడాలి, మోతాదు పెంచాలో లేదో అప్పుడు చెబుతారు. పదకొండుకల్లా రమ్మంది దీదీ, కరెంటు ఉంటే.