జున్ను ఖాతా

మా లాబ్రడార్ పేరు జున్ను. 2023 సెప్టెంబరులో, యాభై అయిదు రోజుల పిల్లగా ఉన్నప్పుడు హైదరాబాద్ కాప్రాలోని మా ఫ్లాట్‌కు వచ్చింది. ఒళ్లంతా లేత పసుపు, చెవుల దగ్గర కొద్దిగా బెల్లం రంగు. చూడగానే జున్నుముక్కలా ఉందని మా పాప ఆ పేరు పెట్టింది. ధర పాతికవేలు. ఆ పాతికవేలు కూడబెట్టడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది. తెచ్చుకున్నాక ఏడాదికి ఎంతవుతుందో మాత్రం ఒక్క సాయంత్రం కూడా కూర్చుని లెక్క వేసుకోలేదు. జాతి కుక్కను కొనాలనుకునే చాలా ఇళ్లలో ఇదే జరుగుతోంది, అందుకే మా లెక్క మొత్తం రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి. జాతి కుక్కలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ నెలలో వస్తుందని పిల్లను అమ్మినాయన చెప్పాడు. ఏడు నెలలు తిప్పించుకున్నాడు. మీరు కొంటుంటే డబ్బు చేతిలో పెట్టకముందే పిల్ల చర్మం కింద ఉండే మైక్రోచిప్ స్కాన్ చేయించి, ఆ నంబరు కాగితంలో ఉన్నదీ లేనిదీ చూసుకోండి. ఇంకో మాట, తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు అడగండి. లాబ్రడార్లలో తుంటి కీలు సరిగా అమరకపోవడం వంశపారంపర్యంగా వస్తుంది. నాకు అప్పుడు తెలియక అడగలేదు. జున్ను నడక ఇప్పటివరకు బాగానే ఉంది, ఆ భయం మాత్రం నాకు పూర్తిగా పోలేదు.

మొదటి నాలుగు నెలలు టీకాలతోనే గడిచాయి. పార్వో, డిస్టెంపర్ వంటి కుక్కల జబ్బులకు కలిపి వేసే టీకా మూడు విడతలు, తర్వాత రేబిస్, మధ్యలో నులిపురుగుల మందు. అన్నీ కలిపి అయిదు వేలు దాటింది. కుక్కను పెంచుకోవడానికి జీహెచ్‌ఎంసీ (నగరపాలక సంస్థ) ఇచ్చే లైసెన్సుకు రేబిస్ సర్టిఫికెట్ అడిగారు. లైసెన్సు రుసుము మిగతా ఖర్చుల ముందు లెక్కలోకి రాదు. అప్పటికి నా మనసులో ఉన్న అంచనా నెలకు నాలుగు వేలు. దాణా, కాస్త చికెన్, అంతే కదా అనుకున్నాను.

2024 ఆగస్టులో ఆ అంచనా తలకిందులైంది.

వారం రోజులుగా ముసురు. ఒక పొద్దున మా అత్తమ్మ వంటింట్లోకి వచ్చి, "బిడ్డా, రాత్రి పెట్టింది అట్లనే ఉంది. అది ముట్టలే" అన్నారు. లాబ్రడార్ తిండి మానేయడం మామూలు విషయం కాదు. దగ్గర్లోని క్లినిక్‌కు తీసుకెళ్తే, వాతావరణం మారింది కదా అని ఒక ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. రక్తపరీక్ష మాట ఎత్తలేదు. నాకూ అడగాలని తోచలేదు. రెండు రోజులు పోయాయి. మూడో రోజు సాయంత్రం దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట నిమురుతుంటే, చర్మం కింద ఆవగింజలంత ఎర్రటి చుక్కలు కనిపించాయి. పై పెదవి ఎత్తి చూశాను. ఎప్పుడూ గులాబీ రంగులో ఉండే చిగుళ్లు తెల్లబారి ఉన్నాయి. ముందు కాలి వేళ్ల సందులో బూడిదరంగు గింజలాంటిది తగిలింది. పట్టకారుతో తీస్తే కాళ్లు ఆడించింది. "గోమారి" అన్నారు అత్తమ్మ. ఊళ్లో బర్రెలకు పట్టి రక్తం పీల్చే ఆ పురుగులే మా జున్నుకూ పట్టాయి. ఆ ఒక్క కాల్లోనే ఏడు దొరికాయి. ఒక్కొక్కటి తీసి ఉప్పునీళ్ల గ్లాసులో వేశాను.

ఆ రాత్రే వేరే ఆస్పత్రికి పరుగెత్తాం. జ్వరం 104.5 డిగ్రీలు. కుక్కలకు 101 నుంచి 102.5 దాకా మామూలే. ప్లేట్‌లెట్లు 38 వేలు ఉన్నాయి, కనీసం రెండు లక్షలు ఉండాలి. డెంగీ రోజుల్లో మనుషుల విషయంలో వినే ఆ మాట మా కుక్కకు వింటుంటే నా కాళ్లు వణికాయి. టిక్ ఫీవర్ అన్నారు డాక్టరుగారు. గోమారి కుట్టినప్పుడు ఎర్లీకియా అనే సూక్ష్మజీవి రక్తంలోకి చేరి ప్లేట్‌లెట్లను పడగొడుతుందట. మూడు రోజులు సెలైన్, 28 రోజులు డాక్సీసైక్లిన్ మాత్రలు, మూడుసార్లు రక్తపరీక్ష. పద్నాలుగు వేల ఆరు వందలు అయింది. పాప రెండో టర్మ్ ఫీజు కోసం పక్కన పెట్టిన డబ్బులోంచి తీశాం. ఆ మూడు రాత్రులూ అత్తమ్మ హాల్లో చాప వేసుకుని దాని పక్కనే పడుకున్నారు. పాతికవేలు పోసి కుక్కను కొంటరా ఎవరన్నా అని మొదట్లో మమ్మల్ని కోప్పడింది ఆవిడే.

జున్ను కోలుకున్నాక ఒక ఆదివారం నేను, మా ఆయన బిల్లులన్నీ నేల మీద పరుచుకుని కూర్చున్నాం. నెలవారీగా రాస్తే అసలు రూపం కనిపించదని అప్పుడు అర్థమైంది. కుక్క ఖర్చు సీజన్లను బట్టి వస్తుంది. అందుకే నోటుపుస్తకంలో జనవరి నుంచి డిసెంబరు దాకా పన్నెండు పేజీలు గీసి, ఏది ఎప్పుడు పడుతుందో ఆ పేజీలోనే రాశాం.

అన్నింటికంటే పెద్దది తిండి. పొద్దున దాణా, సాయంత్రం ఉడికించిన చికెన్‌లో అన్నం, గుమ్మడి లేదా క్యారెట్. ఉప్పు, మసాలా వేయం. ఉల్లి అసలే వద్దు, కుక్కలకు అది విషం. నెలకు ఆరు కిలోల దాణా మూడు వేలు, ఏడున్నర కిలోల చికెన్ పద్దెనిమిది వందలు, బియ్యం, కూరగాయలు, గుడ్లు, పెరుగు ఏడు వందలు. మొత్తం 5,500. ఏడాదికి 66,000. పెద్ద బస్తా కొంటే కిలో ధర తగ్గుతుంది. అయితే తెరిచిన బస్తా వానల్లో మెత్తబడి వాసన వస్తుంది, అందుకే జూన్ నుంచి సెప్టెంబరు దాకా మేము చిన్నవే తెస్తాం.

గోమార్ల మాత్ర నెలకు వెయ్యి, ఏడాదికి 12,000. మొదటి ఏడాది మేము మిగుల్చుకున్నామనుకున్న ఖర్చు ఇదే. వానాకాలంలో ఇస్తే చాలని కొందరు చెప్పారు. మా సెల్లార్‌లో గోమార్లు జనవరిలోనూ కనిపించాయి, కాబట్టి ఒక్క నెల కూడా ఆపడం లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఏటా వేయించే టీకాలు 2,000. మూడు నెలలకోసారి నులిపురుగుల మాత్రలు 600. ఏడాదికి రెండుసార్లు చెకప్ 1,500. స్నానం ఇంట్లోనే. గ్రూమింగ్ మాత్రం ఏడాదికి మూడుసార్లు, 3,600. షాంపూ, చెవుల మందు, బెల్టు, బొమ్మలు 4,000. ఎండాకాలం కరెంటు బిల్లులో అదనంగా 3,000 వేసుకున్నాం, ఎందుకంటే ఆ బొచ్చుతో మే నెల మధ్యాహ్నాలు అది ఫ్యాన్ కింద తట్టుకోలేకపోయింది. ఊరు జనగామ వైపే కాబట్టి దసరాకు కార్లో వెంట తీసుకెళ్తాం. తిరుపతికి అలా కుదరదు. రైల్లో కుక్కను మనతోపాటు కూర్చోబెట్టుకోవాలంటే ఏసీ ఫస్ట్ క్లాస్‌లో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం తీసుకోవాలి, లేదంటే గార్డు పెట్టెలో పంపాలి. అందుకని తిరుపతికి, పెళ్లిళ్లకు కలిపి ఎనిమిది రోజులు బోర్డింగ్, రోజుకు 800 చొప్పున 6,400.

కూడితే 99,100. మా ఆయన రెండుసార్లు కూడి చూశారు.

ఇక జబ్బుల డబ్బు. మా అపార్టుమెంటు ఆడవాళ్ల చీటీలో చేరదామనుకున్నాను. కానీ చీటీ ఒక్కసారే ఎత్తగలం, పాట పాడే రోజు దాకా జ్వరం ఆగదు. అందుకే బ్యాంకులో విడిగా ఒక ఖాతా తెరిచాను. ఒకటో తారీఖున జీతం పడగానే రెండు వేలు అందులోకి వెళ్లిపోతాయి. దాని ఏటీఎం కార్డు జున్ను ఫైల్లోనే, టీకా పుస్తకం పక్కన ఉంటుంది. ఏడాదికి ఈ 24,000 కలిపితే 1,23,100. అంటే నెలకు పదివేల పైమాటే. నేను మొదట అనుకున్న నాలుగు వేలెక్కడ, ఇదెక్కడ!

ఆ డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందని అడుగుతారు. రెండో స్కూటర్ అమ్మేశాం. శని, ఆదివారాలు బయట తినడం దాదాపు మానేశాం. నాకు బాధ లేదు. అయితే కొనకముందే తెలిసి ఉంటే పాప ఫీజు డబ్బు తీయాల్సి వచ్చేది కాదు. అంత ఖర్చు మోయలేనివాళ్లు ప్రభుత్వ వైద్యం సంగతి ముందే కనుక్కోవాలి. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలోనూ చూస్తారు. పొద్దున్నే వెళ్లి లైన్లో కూర్చునే ఓపిక ఉండాలి.

ఈ మార్చిలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. అది ఒక్కసారి అయ్యే ఖర్చు కాబట్టి ఏడాది లెక్కలో కలపలేదు, పన్నెండు వేలు ఆ ఖాతాలోంచే ఇచ్చాను. ఆడకుక్కకు ఆపరేషన్ చేయించకపోతే వయసు పెరిగేకొద్దీ గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉందని, అప్పుడు అర్ధరాత్రి అత్యవసర ఆపరేషన్ అవసరం కావచ్చని డాక్టరుగారు చెప్పారు.

కుట్లు విప్పించడానికి వెళ్లినప్పుడు తూకం వేశారు. 29 కిలోల 600 గ్రాములు. ఆపరేషన్ తర్వాత బరువు తొందరగా పెరుగుతుందని, దీన్ని 28 దగ్గర ఉంచమని అన్నారు. బరువు పెరిగితే తుంటి మీద భారం పడుతుందట. నిన్నటి నుంచి సాయంత్రం అన్నం ఒక గరిటె తగ్గించాం. జున్ను గిన్నె అడుగు దాకా నాకి, దాన్ని నోట కరుచుకుని వచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది.