హమ్మును చెరిపే ముందు చదవాలి

పాత రాక్ కచేరీల దృశ్యాలకు ధ్వనిని బాగుచేసేవారిలో చాలామంది మొట్టమొదట చేసే పని, పాట వెనక ఎడతెగకుండా వినిపించే గుయ్‌మనే మోతను తుడిచివేయడం. కరెంటు వల్ల పుట్టే ఆ హమ్‌ను ఆఖరున తీయాలి తప్ప మొదట ముట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం. టేపు ఏ వేగంతో తిరుగుతూ రికార్డయిందో చెప్పగలిగే సాక్షుల్లో అంతకంటే నమ్మదగినది నాకు ఇంతవరకు కనబడలేదు. బ్రిటన్‌లోనూ మన దేశంలోనూ కరెంటు 50 హెర్ట్జ్ (అంటే సెకనుకు 50 ఊగిసలాటలు), అమెరికాలో 60. వేదికమీది గిటార్ యాంప్లిఫైయర్లలో ఈ మోత చాలాసార్లు దానికి రెట్టింపు దగ్గర, అంటే 100 లేదా 120 హెర్ట్జ్ దగ్గర, బలంగా ఉంటుంది. బ్రిటన్‌లో జరిగిన కచేరీ టేపులో ఆ మోత 103 దగ్గర కనిపించిందంటే, మనం వింటున్న పాట అసలు వేగం కంటే 3 శాతం ఎక్కువగా పరుగెడుతోందన్నమాట.

ఈ సంగతి నాకు పూర్తిగా బోధపడింది మా పెదనాన్నగారి క్యాసెట్టుతో. ఆయన 1970లలో డాక్టరుగా ఉత్తర ఇంగ్లండులో పనిచేసేటప్పుడు ఒక రాక్ బృందం కచేరీకి వెళ్లి, బ్యాటరీలతో నడిచే చిన్న రికార్డరును ఒళ్లో పెట్టుకుని పాటలు రికార్డు చేశారు. మధ్యమధ్య సూపర్ 8 అనే చిన్న ఫిల్ము కెమెరాతో చిత్రీకరించారు కూడా. ఆ బృందం పేరును, హక్కుల సంగతి తేలేదాకా, ఇక్కడ రాయడం లేదు. ఆయన నెల్లూరికి తిరిగివచ్చాక ఆ క్యాసెట్టూ రీళ్లూ బీరువాలోనే ఉండిపోయాయి. సముద్రం దగ్గరి ఊళ్లలో గాలి తేమకు టేపు అంచున తెల్లగా బూజు పట్టడం మామూలే, దీనికీ పట్టింది. అంతకంటే పెద్ద ఇబ్బంది, టేపును, దానిమీది ధ్వనిని చదివే హెడ్డుకు ఒత్తిపట్టే చిన్న ఫెల్టు ముక్క జిగురు ఎండిపోయి ఊడిపోవడం.

బూజును తుడిచి, టేపును కొత్త డొప్పలోకి మార్చి డెక్కులో పెట్టాక కూడా పాట దుప్పటి కప్పుకుని పాడినట్టే వినిపించింది. క్యాసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లే కదులుతుంది. ఇంత తక్కువ వేగంలో, రికార్డు చేసిన యంత్రం హెడ్డు ఏ కోణంలో ఉందో వినిపించే యంత్రం హెడ్డు కూడా అదే కోణంలో లేకపోతే, మొదట పోయేవి పై స్వరాలే. హెడ్డు పక్కనున్న సన్నని స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతూ వింటూ ఉంటే, ఒకచోట డ్రమ్మరు ఇత్తడి పళ్లెంలాంటి సింబల్ మీద వేసిన దెబ్బ ఉన్నట్టుండి విచ్చుకుంది. అక్కడ ఆపాను. ఏ సాఫ్ట్‌వేరుతో పెంచినా రాని వివరం ఆ స్క్రూ తిప్పితే వస్తుంది. క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించేవాళ్లు ఈ పనిని దాటవేయడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

96 కిలోహెర్ట్జ్, 24 బిట్ల నాణ్యతతో ఎక్కించిన ఫైలును స్పెక్ట్రోగ్రామ్‌గా, అంటే ఏ క్షణాన ఏ హెర్ట్జ్ దగ్గర ధ్వని ఉందో చూపే బొమ్మగా, తెరచి చూస్తే, అడుగున రెండు గీతలు కనిపించాయి. ఒకటి సరిగ్గా 100 దగ్గర, మొదటినుంచి చివరిదాకా తాడు లాగినట్టు తిన్నగా ఉంది. అది ఇంగ్లండుది కాదు, మా ఇంటి కరెంటుది. ల్యాప్‌టాపును బ్యాటరీ మీద నడిపి, డెక్కు ఎర్తింగును సరిచేసి మళ్లీ ఎక్కిస్తే దాదాపు మాయమైంది. రెండోది మాత్రం 100 దగ్గర మొదలై, నెమ్మదిగా పైకి వాలుతూ, మొదటి వైపు ముగిసేసరికి 103కు చేరుకుంది. కచేరీ సాగేకొద్దీ రికార్డరు బ్యాటరీలు నీరసించాయి, మోటారు మందగించింది. మందంగా తిరిగిన టేపును ఈనాడు సరైన వేగంతో తిప్పితే పాట పైకి పోతుంది. ఆ వాలుగీత నిజానికి ఆ బ్యాటరీలు అరిగిన తీరు.

పద్యనాటకాలకు హార్మోనియం వాయించే ఒక పెద్దాయన మా వీధిలోనే ఉంటారు. ఆయనకు మొదటి వైపు చివరి పాట వినిపించి శ్రుతి ఎంతని అడిగితే, కాసేపు మెట్లు వెతికి, "ఇది రెండు మెట్ల మధ్యన ఇరుక్కోనుండాది సామీ, ఏ మెట్టుకూ అందటంలా" అన్నారు. లెక్క చూస్తే అంతే: ఒక మెట్టుకూ దాని పక్క మెట్టుకూ తేడా దాదాపు 6 శాతం, 3 శాతమంటే అందులో సగం. అయితే చెవితో శ్రుతి పట్టి సరిచేస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. సరిపోదు. జిమీ హెండ్రిక్స్ వంటివాళ్లు గిటారును తరచుగా ఒక మెట్టు కిందికి శ్రుతి చేసుకునేవారు. ఆ సంగతి తెలియని చెవి, సరిగ్గా ఉన్న టేపును కూడా పైకి లాగి పాడుచేస్తుంది. హమ్‌కు గిటారు శ్రుతితో నిమిత్తం లేదు. అందుకే ఆ వాలుగీత పొడవునా 100 దగ్గర నిలబడేలా వేగాన్ని కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వెళ్లాను. ఆ తర్వాతే ఆ గీతను తుడిచాను, అదీ పాటకు పాటకు మధ్య వినిపించే మేరకే.

ఇక బొమ్మ. సూపర్ 8 రీలు 50 అడుగులు; సెకనుకు 18 ఫ్రేముల చొప్పున 3 నిమిషాల 20 సెకన్లు వస్తుంది. అందువల్ల ఒక్కో పాటకు ముక్కలే దొరికాయి. గాయకుడి పెదవులు ఆ మసక వెలుతురులో తెలియవు గనుక, డ్రమ్మరు పుల్ల పైనుంచి కిందికి వచ్చే ఫ్రేమును పట్టుకుని దెబ్బతో కలిపాను. ఇక్కడ ఒక చిక్కు ఉంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లే ప్రయాణిస్తుంది గనుక, వేదికకు 30 మీటర్ల దూరంలో కూర్చున్నవారికి దెబ్బ సెకనులో పన్నెండో వంతు ఆలస్యంగా, అంటే ఒకటిన్నర ఫ్రేము తర్వాత వినిపిస్తుంది. హాలు మొత్తం కనిపించే దృశ్యాల్లో ఆ ఆలస్యాన్ని అలాగే ఉంచాను, ఎందుకంటే పెదనాన్నగారు విన్నది అలాగే. జూమ్ చేసి డ్రమ్మరును దగ్గరగా చూపిన చోట మాత్రం ధ్వనిని ముందుకు జరిపాను. కన్ను అంత దగ్గరికి వెళ్లినప్పుడు చెవి వెనకబడితే తప్పుగా తోస్తుంది.

యంత్రం చేత గొంతునూ వాయిద్యాలనూ విడదీయించే పద్ధతి ఇప్పుడు అందరి చేతికీ వచ్చింది. 1969 జనవరిలో బీటిల్స్ సాధన చేస్తుండగా నాగ్రా రికార్డర్ల మీద మోనోలో, అంటే అన్నీ ఒకే ధ్వనిగా కలిసిపోయేలా, పట్టిన టేపులనుంచి మాటలనూ గిటార్లనూ వేరుచేసి, సినీ దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం 2021లో వినిపించిన తీరు నిజంగా అద్భుతం. కానీ ఆ టేపులు వృత్తి నిపుణులు దగ్గరనుంచి పట్టినవి. ఒళ్లో పెట్టుకున్న చిన్న రికార్డరు టేపు మీద అదే పద్ధతిని ప్రయోగిస్తే, సింబళ్లు నీళ్లలో మోగినట్టవుతాయి, చప్పట్లు ముక్కలవుతాయి. టేపు సొద కొంత ఉన్నా, పక్క సీటులోని మనిషి దగ్గు వినిపించినా, హాలు హాలులాగే ఉండడం నాకు ముఖ్యం. కాబట్టి విడదీసిన గొంతును మూలధ్వనికి అడుగున కొద్దిగా కలిపానే తప్ప, మూలాన్ని తీసివేయలేదు.

మిగిలింది ఒక్క ఖాళీ. మొదటి వైపు అయిపోయి క్యాసెట్టును తిప్పే వేళకు కెమెరా తిరుగుతూనే ఉంది. అక్కడ గిటారిస్టు సోలో వాయిస్తున్న బొమ్మ ఉంది, ధ్వని లేదు. అదే బృందం మరో ఊళ్లో అదే పాట వాయించిన రికార్డింగు తెచ్చి అతికించమని మిత్రులు సలహా ఇచ్చారు. అతని వేళ్లు ఆ రాత్రి వాయించినది వేరు గనుక నేను ఒప్పుకోలేదు. ఆ భాగాన్ని నిశ్శబ్దంగా ఉంచి, అక్కడ క్యాసెట్టు తిప్పుతున్నారని తెరమీద ఒక వాక్యం రాశాను. ఏమేమి మార్చానో రాసిన కాగితాన్ని, మార్పులు చేయని ఫైలునూ పెదనాన్నగారి పిల్లలకు అందజేశాను.