వెబ్లీ సీనియర్ మళ్ళీ పనిచేస్తోంది

మూడు వారాల కింద మొదలుపెట్టిన పని నిన్న రాత్రికి ఓ కొలిక్కి వచ్చింది, వివరాలు మర్చిపోకముందే రాసిపెడుతున్నా. వెబ్లీ సీనియర్ అనే పాత ఎయిర్ పిస్టల్ (స్ప్రింగ్ తోసే గాలితో పెల్లెట్లనే చిన్న గుళ్ళు కొట్టేది) బాగుచేశాను, 177 బోర్, అంటే గొట్టం లోపలి వెడల్పు 0.177 అంగుళం. వెబ్లీ అండ్ స్కాట్ వాళ్ళు తమ మొదటి ఎయిర్ పిస్టల్‌ని 1924లో తెచ్చారు, సీనియర్ 1930లో వచ్చింది, 1964లో ప్రీమియర్ మోడల్ వచ్చేదాకా (రెండో ప్రపంచ యుద్ధం రోజులు మినహా) అదే నడిచింది. నాది యుద్ధం తర్వాతది. పక్కన 'బర్మింగ్‌హామ్ 4' అని ఉంటుంది, ఆ 4 అప్పట్లో ఫ్యాక్టరీ ఉన్న వీమన్ స్ట్రీట్ వైపు పోస్టల్ నంబరు. నేనుండేదీ ఇంగ్లండ్‌లోని ఈ బర్మింగ్‌హామ్‌లోనే. కోటప్పకొండ తిరునాళ్ళలో బుడగలు కొట్టిన రోజుల నుంచీ ఇలాంటిది ఒకటి విప్పి చూడాలని ఉండేది, అది ఇక్కడ తీరింది.

కొన్న రోజు క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) మీద 7 గ్రెయిన్ల బరువున్న పెల్లెట్ సెకనుకు 210 అడుగులు దాటలేదు, పైగా కొట్టిన ప్రతిసారీ సన్నగా పొగ. లోపల నూనె మండుతోందని అర్థమైంది. అంతకుముందు ఎవరో బాగుచేద్దామని నూనె పోస్తూ పోయారు.

విప్పే ముందు లోపల పెల్లెట్ లేదని, స్ప్రింగ్ బిగించి లేదని చూసుకోవాలి, కళ్ళద్దాలు పెట్టుకోవాలి. ఈ పిస్టల్‌లో బ్యారెల్ పైన, సిలిండర్ కింద. బ్యారెల్‌ని వెనక నుంచి ఎత్తి ముందుకు తిప్పితే పిస్టన్ ముందుకెళ్ళి స్ప్రింగ్‌ని నొక్కుతుంది, ట్రిగ్గర్ లాగితే పిస్టన్ మన చేతివైపు దూసుకొస్తుంది. అంటే స్ప్రింగ్ బలమంతా ముందున్న మూత మీదే ఉంటుంది. బ్యారెల్ తీసేశాక ఆ మూతని గుడ్డ కప్పి, అరచేత్తో గట్టిగా నొక్కిపట్టి, చివరి రెండు చుట్లు చాలా నిదానంగా తిప్పి విప్పాను. ఇక్కడ తొందరపడితే మూత ముఖానికి తగులుతుంది.

లోపల చూస్తే పాత పెనం అంచుకి పేరుకున్న మడ్డిలా, గోధుమరంగు జిగురు. గోరుతో గీకితే తొక్కలా లేచింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డని కర్రకి చుట్టి తిప్పుతూ తుడిస్తే, పదిహేనో గుడ్డకి గానీ తెల్లగా రాలేదు. పిస్టన్‌కి ఉన్న లోహపు రింగ్ బాగానే ఉంది, దాని గాడిలో జిగురు గట్టిపడి రింగ్ కదలకుండా పట్టేసింది, అంతే. గాలి అక్కడే పోతోందనుకున్నా.

స్ప్రింగ్‌ని గాజు బల్ల మీద దొర్లిస్తే ఎగిరెగిరి పడింది, వంగిపోయిందన్నమాట. కొత్తది తెప్పించి, రెండు కొసలూ సన్నటి ఎమరీ పేపర్‌తో నునుపు చేశాను, లేకపోతే అవి పిస్టన్‌ని కొరుకుతాయి. ట్రిగ్గర్ సియర్ (లాగేదాకా పిస్టన్‌ని పట్టి ఉంచే కొక్కెం) అంచుని మాత్రం ముట్టుకోలేదు, మీరూ ముట్టుకోకండి. అక్కడ వెంట్రుకవాసి అరిగినా పిస్టల్ దానంతటదే పేలే ప్రమాదం ఉంది.

పైన తుప్పు చుక్కలున్నాయి. వీడియో కాల్‌లో నాన్నకి చూపిస్తే, నలభై ఏళ్ళు కుట్టుమిషన్లు బాగుచేసిన మనిషి కదా, "ఒరేయ్, మెరిపించాలని గీకకు, ఆ నలుపు పోతే మళ్ళీ రాదు" అన్నారు. సరే నాన్నా అని, నాలుగు సున్నాల (అతి సన్నటి) స్టీల్ ఊల్‌కి నూనె రాసి తుప్పున్న చోట మాత్రమే మెల్లగా తిప్పాను. అరిగిన అంచులు అలాగే ఉన్నాయి, నాకు అవే అందంగా ఉన్నాయి.

గ్రీజు దగ్గర తప్పు చేశాను. మాలిబ్డినం గ్రీజు పిస్టన్ పక్కలకి పలచగా పట్టించి, కొంచెం పిస్టన్ ముఖానికి కూడా తగలనిచ్చాను. మొదటి ఆరు షాట్లూ పొగే, రెండోది గట్టిగా చిటపటమంది. మళ్ళీ విప్పాల్సొచ్చింది. గాలిని నొక్కే ముఖం పొడిగా ఉండాలి, పక్కలకి వేలితో రాసి తుడిచేశాక మిగిలే బూడిదరంగు మరక చాలు. స్ప్రింగ్‌కి చిక్కటి గ్రీజు బఠాణీ గింజంత, పిన్నులకి సూది మొనతో ఒక్కో చుక్క నూనె.

ఇంకోటి, బ్రీచ్ వాషర్. బ్యారెల్ వెనక సిలిండర్‌తో కలిసే చోట ఉన్న తోలు ముక్క ఎండి రాయిలా అయింది. పాత బెల్టు నుంచి కొత్తది కోసి, రాత్రంతా నీట్స్‌ఫుట్ ఆయిల్‌లో (తోలుకి పట్టించే నూనె) నానబెట్టాను. మందం ఎక్కువై బ్యారెల్‌ని మూసిపట్టే లాచ్ (గొళ్ళెం) పడలేదు, వెనకవైపు కొద్దికొద్దిగా చెక్కితే మూడోసారికి సరిపోయింది. సిగరెట్ కాగితం ముక్క పెట్టి మూసి లాగి చూశాను, రాలేదు. అంటే బాగా పట్టుకుందన్నమాట.

ఇప్పుడు అదే పెల్లెట్‌తో పది షాట్లు కొడితే సెకనుకు 338 నుంచి 349 అడుగుల మధ్య, పొగ లేదు. శక్తి చూస్తే సుమారు 1.8 ఫుట్‌పౌండ్లు, ఇక్కడ ఎయిర్ పిస్టల్‌కి హద్దు 6. పెల్లెట్ లేకుండా మాత్రం పేల్చకండి, ఎదురొత్తే గాలి లేక పిస్టన్ నేరుగా సిలిండర్ గోడకి గుద్దుకుంటుంది. గరాజ్‌లో ఆరు గజాల దూరంలో, ఉక్కు పెట్టె ముందు అట్ట పెట్టి ఐదు కొట్టాను. ఐదూ రెండు పౌండ్ల నాణెం కిందికి వచ్చాయి, ఒకటి అంచుని తాకింది. ఎడమ గ్రిప్ చీలిక ఇంకా అతికించాలి. ఐదొందల షాట్ల తర్వాత తోలు వాషర్ ఎలా ఉందో కొలిచి రాస్తాను.