నా ప్రార్థనలో ‘మా’ అనే మాట

మా సంఘంలో ఆరేళ్లు పాటలు నడిపించాను. ఒక ఆదివారం ఆ బాధ్యత కొత్తగా వచ్చిన ఒక చెల్లికి ఇచ్చారు. ఆరాధన జరిగినంతసేపూ నా పెదాలు కదిలాయి కానీ, మనసంతా ఆమె ఎక్కడ శ్రుతి తప్పుతుందా అనే చూసింది.

ఆ రాత్రి దేవునితో మొరపెట్టుకుందామని ప్రార్థనల నోట్‌బుక్ తీశాను. ఖాళీ పేజీ కోసం తిప్పుతుంటే పాత పేజీలు కంటపడ్డాయి. నా ఉద్యోగం, నా ఆరోగ్యం, నా పరీక్ష, నా పాట. మూడు నెలల్లో వేరే మనిషి పేరు ఒక్కచోటే ఉంది, మా మేనేజర్‌ది. అదీ నాకు సెలవు ఇచ్చేలా ఆయన మనసు మార్చమని! చాలాసేపు పెన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

లూకా సువార్త 18లో యేసు చెప్పిన కథ ఒకటుంది. భక్తిపరుడినని గర్వించే పరిసయ్యుడు దేవాలయానికి వెళ్లి, తన ఉపవాసాల గురించి, సంపాదనలో తాను ఇచ్చే పదోవంతు గురించి దేవునికి చెప్పుకుంటాడు. పన్నులు వసూలుచేసే సుంకరి మాత్రం దూరంగా నిలబడి, పాపినైన నన్ను కరుణించమని వేడుకుంటాడు. ఆ భాగం ఎన్నోసార్లు చదివాను. ప్రతిసారీ నన్ను నేను సుంకరి పక్కనే నిలబెట్టుకున్నాను. ఆ రాత్రి మొదటిసారి అవతలి పక్క నిలబడి చదివాను.

యేసు నేర్పిన ప్రార్థన చిన్నప్పటినుంచీ నోటికి వచ్చినదే. అందులో ‘నా’ అన్న మాటే లేదు. మా తండ్రీ, మా అనుదినాహారము, మా ఋణములు. అంతా ‘మా’. సరే, ఇకనుంచి ‘మా’ అనే ప్రార్థన చేస్తానని తీర్మానించుకున్నాను. రెండు రోజులకే మాటలు అయిపోయాయి. ఆ ‘మా’లో ఎవరున్నారో నాకు తెలిస్తే కదా!

అడిగి తెలుసుకోవడం తప్ప దారి లేకపోయింది. నాలుగేళ్లుగా నా ముందు వరుసలో కూర్చునే ఒక అక్కను, “మీకోసం ఏమని ప్రార్థన చేయమంటారక్కా?” అని అడిగాను. ఆమె కళ్లు నీళ్లతో నిండాయి. భర్తకు కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ అట. ఒక్కోసారి నాలుగు గంటలు. నాలుగేళ్లు ఆమె వెనకే కూర్చున్నాను, ఒక్కమాట అడగలేదు.

ఆ వారం ఆమెను ఇంట్లో పడుకోమని చెప్పి, డయాలసిస్ దగ్గర ఆమె భర్త పక్కన నేను కూర్చున్నాను. మెషిన్ ఆగకుండా తిరుగుతోంది, గొట్టంలో ఆయన రక్తం వెళ్లి వస్తోంది. ఆయనకు చలి వేస్తుంటే దుప్పటి పాదాల కిందకు మడిచాను. అప్పుడు కూడా నా ఆలోచన ఎక్కడికి పోయిందంటే, ఇది వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి చెప్పే సాక్ష్యంలో ఎలా చెప్పాలా అని! కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదన్న మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. ‘ప్రభువా, ఇది కూడా నాకోసమే చేస్తున్నానా?’ అని అక్కడే అడిగాను. స్వార్థం పాపపు పనుల్లోనే ఉంటుందనుకునేదాన్ని. అది భక్తిలోనూ చక్కగా సర్దుకుని కూర్చుంటుంది. వినయంగా ఉండాలని పళ్లు బిగబట్టి తీర్మానించుకున్నా పోలేదు, నా వినయాన్నే నేను చూసుకుంటూ కూర్చున్నాను. నాకు సాయపడింది యేసు పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల పాదాలు కడిగిన ఆ భాగమే. ఆయనను శత్రువులకు అప్పగించబోతున్న శిష్యుడు యూదా ఇంకా ఆ గదిలోనే ఉన్నాడు. దాన్ని చదువుతున్నంతసేపూ నా చూపు నా మీద ఉండదు.

ఆ తర్వాత కూడా చాలాసార్లు పడ్డాను. పేర్లు మాత్రం పెరిగాయి. ఒక్క పేరు రాయడానికే చెయ్యి రాలేదు, ఆ పాటల చెల్లిది. అపొస్తలుడైన పౌలు ఖైదులో ఉండి ఫిలిప్పీ సంఘానికి ఉత్తరం రాస్తూ, అక్కడి ఇద్దరు స్త్రీలు యువొదియను, సుంటుకేను ఏకమనస్సుతో ఉండమని పేరు పెట్టి బతిమాలుకుంటాడు. ఇద్దరూ సువార్త పనిలో ప్రయాసపడినవాళ్లే. అది చదివాక ఇక తప్పించుకోలేకపోయాను.

ఆరాధన అయ్యాక మైకు వైరు చుడుతున్న ఆమె దగ్గరికి వెళ్లి అదే ప్రశ్న అడిగాను. తల దించుకుని నెమ్మదిగా చెప్పింది: “పాడేటప్పుడు మీవైపు చూడాలంటే భయమేస్తుందక్కా. ఆ భయం పోవాలని ప్రార్థన చేయండి.”

నోట్‌బుక్ తెరవలేదు. ఆమె చేతులు పట్టుకుని ముందు క్షమాపణ అడిగాను. తర్వాత ఇద్దరం అక్కడే నిలబడి ‘మా తండ్రీ’ అని మొదలుపెట్టాం.